రంగు వేశాక సెల్ఫ్ తీసుకోని పాత ట్రక్కు: ఎర్త్ దోషాన్ని పట్టుకునే పద్ధతి

లక్షణం

ఛాసిస్‌ను (బండి కింది ఇనుప చట్రాన్ని) తుప్పు పోయేదాకా గీకి, మందంగా రంగు పట్టించి, ఇంజినును, బాడీని తిరిగి ఎక్కించి, ఏళ్ళ తరబడి కదలని ఫోర్‌వీల్ ట్రక్కుకు మొదటిసారి తాళం తిప్పుతారు. ఇంజిను బద్ధకంగా అరచుట్టు తిరిగి ఆగిపోతుంది, లేదా సెల్ఫ్ (ఇంజినును తిప్పి స్టార్ట్ చేసే మోటారు) నుంచి ఒక్క "టక్" చప్పుడు తప్ప మరేమీ రాదు. హెడ్‌లైట్లు మాత్రం నిండుగా వెలుగుతాయి, హారన్ గట్టిగా మోగుతుంది. విప్పకముందు ఇదే బండి ఇదే సెల్ఫ్ మోటారుతో స్టార్ట్ అయ్యేదన్న సంగతి ఈ సమయంలో ఎవరికీ గుర్తుకు రాదు. అందరి చేతులూ నేరుగా సెల్ఫ్ మోటారు బోల్టుల మీదికే పోతాయి.

ముందుగా చూడవలసినది

బ్యాటరీ. పూర్తిగా ఛార్జయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12 వోల్టుల దగ్గర ఉంటే అది దాదాపు ఖాళీ అయినట్టే కాబట్టి ముందు ఛార్జి చేసుకోవాలి. సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ బ్యాటరీ పోస్టుల (రెండు టెర్మినళ్ళ) మధ్య వోల్టేజి 9.6 కంటే తక్కువకు పడిపోకూడదు. పోస్టుకు కేబుల్‌ను బిగించే క్లాంపును చేత్తో పట్టి మెలితిప్పినప్పుడు కొంచెమైనా కదిలితే, లేదా తెల్లటి పొడి పట్టి ఉంటే, విప్పి మెరిసేదాకా శుభ్రం చేయాలి. ఈ పనికి 5 నిమిషాలు చాలు. ఇది చేయకుండా సెల్ఫ్ మోటారును దింపి బల్ల మీద పెట్టుకున్నవారిని లెక్కలేనంతమందిని చూశాను. బల్ల మీద ఆ మోటారు ప్రతిసారీ చక్కగానే తిరిగింది.

అసలు కారణం

బ్యాటరీ సరిగా ఉండి కూడా లక్షణం మారకపోతే, పది బండ్లలో తొమ్మిదింటికి నా అనుమానం ఎర్త్ మీదనే, అంటే కరెంటు బండి లోహం గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి మీదనే. ఇంజిను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీ కూడా రబ్బరు బుష్‌ల మీదనే ఉంటుంది. కాబట్టి చూపుకు అంతా ఒకే ఇనుప ముద్దలా కనిపించినా విద్యుత్తు లెక్కలో అవి మూడు వేర్వేరు ద్వీపాలు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు ఒకటి, ఛాసిస్ నుంచి ఇంజినుకు లేదా గేర్‌బాక్సుకు ఒకటి, ఛాసిస్ నుంచే బాడీకి ఒకటి, ఇలా మూడు ఎర్త్ పట్టీలు వాటిని కలుపుతాయి. బండి విప్పినప్పుడు వీటిలో ఒకటి చిత్తు సామానులో కలిసిపోతుంది, లేదా కొత్త రంగు మీదనే బిగించబడుతుంది.

హెడ్‌లైట్లు మోసం చేసేది ఇక్కడే. వాటి కరెంటు బాడీ, ఛాసిస్‌ల మీదుగా బ్యాటరీకి తిరిగి చేరుతుంది కాని ఇంజిను పట్టీ గుండా పోదు. కాబట్టి లైట్లు బాగా వెలగడం ఇంజిను ఎర్త్ బాగుందనడానికి సాక్ష్యం కానే కాదు. పైగా లైట్లు లాగేది 10 ఆంపియర్ల ప్రాంతం, సెల్ఫ్ లాగేది కొన్ని వందలు. జోడింపులో 0.01 ఓం నిరోధం మాత్రమే ఉన్నా, 200 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ 2 వోల్టులు పోతాయి, 400 వాట్ల వేడి పుడుతుంది. అదే జోడింపు గుండా 10 ఆంపియర్లు పారితే పోయేది 0.1 వోల్టే.

నేను స్వయంగా దెబ్బతిన్న బండిలో మొదట బ్యాటరీ మార్చాను, తరువాత సెల్ఫ్ మోటారుకు కొత్త కార్బన్ బ్రష్‌లు వేయించాను, ఆపై సొలెనాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి) కూడా కొన్నాను. చివరకు ఒక రాత్రి మిత్రుడు తాళం తిప్పుతుండగా యాక్సిలరేటర్ కేబుల్ మీద చేయి పడి చురుక్కుమంది. ఇంజినుకు సరైన దారి లేక, సెల్ఫ్ కరెంటు ఆ సన్నని తీగ గుండా బాడీలోకి వెళుతోంది. ఛాసిస్ మీది ఎర్త్ బోల్టును విప్పితే లగ్ (కేబుల్ చివరి లోహపు రింగు) కింద నల్లరంగు నిగనిగలాడుతూ ఉంది. దాని మీద ఉంగరంలా గుండ్రటి ముద్ర పడింది తప్ప లోహం కనిపించిన జాడ లేదు. అన్నేసి రోజులూ ఆ కొద్దిపాటి కరెంటు బోల్టు మరల గుండా పాకిందన్నమాట. ఈ స్థితిలో యాక్సిలరేటర్, క్లచ్, స్పీడోమీటర్ కేబుళ్ళు కాలిపోతాయి. అవి కాలకపోయినా బేరింగుల గుండా కరెంటు పారితే వాటి మీద సన్నని గుంటలు పడతాయి.

నిర్ధారణ

అన్నిటికంటే తేలిక పరీక్షకు జంపర్ కేబుల్ (రెండు చివరలా క్లిప్పులున్న మందపాటి కేబుల్) ఒక్కటి చాలు. దాని ఒక చివరను బ్యాటరీ నెగటివ్‌కు, మరొక చివరను ఇంజిను బ్లాకు మీద రంగులేని లోహానికి తగిలించి తాళం తిప్పాలి. ఇంజిను హుషారుగా తిరిగితే దోషం దొరికినట్టే.

ఏ జోడింపు చెడిందో తేల్చడానికి మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టాలి. ఓంల మీద పెట్టకూడదు, ఎందుకంటే ఆ అమరికలో మీటరు పంపేది లవలేశమంత కరెంటు, కేబుల్‌లో నాలుగు పోగులు మిగిలినా అది సున్నా చూపి భేషనిపిస్తుంది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు పైకి ఉంచి, పెట్రోలు బండిలో కాయిల్‌కు వచ్చే సన్నని వైరును, డీజిలు బండిలో స్టాప్ నాబ్‌ను లాగి ఉంచితే ఇంజిను అంటుకోకుండా తిరుగుతుంది. ఒక ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), రెండవదాన్ని సెల్ఫ్ మోటారు ఒంటి మీద ఆనించి, సహాయకుడి చేత సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టులలోపు వస్తే ఎర్త్ నిర్దోషి, 0.5 దాటితే దోషి. ఆ తరువాత పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి బ్లాకుకు, బ్లాకు నుంచి సెల్ఫ్ ఒంటికి అంచెలంచెలుగా కొలుచుకుంటూ వెళితే అంకె ఎక్కడ ఎగిరిపడుతుందో అక్కడే విప్పాలి.

కొన్ని పాత ల్యాండ్‌రోవర్ సిరీస్ బండ్లలో పాజిటివే ఎర్త్ కాబట్టి, వాటికి పైన నెగటివ్ అన్నచోటల్లా పాజిటివ్ అని చదువుకోవాలి. యుద్ధకాలపు విల్లీస్ జీపులవంటి 6 వోల్టుల బండ్లలో అదే శక్తికి రెట్టింపు కరెంటు పారుతుంది. 12 వోల్టుల బండి కోసం అమ్మే సన్నని కేబుల్‌ను వాటికి వేస్తే, ఎంత శుభ్రంగా బిగించినా ఫలితం ఉండదు.

సరిచేయడం

బ్యాటరీ నెగటివ్‌ను ముందు విప్పాలి, చివరగా పెట్టాలి. లగ్ వెడల్పుకు మించి కొంచెం ఎక్కువ మేర రంగును గీకి, ఎమ్రీ పేపరుతో లోహం తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. లగ్‌ను కూడా అలాగే రుద్దాలి. రంగుతో నిండిన మరలను ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) శుభ్రం చేయడం మరచిపోకూడదు. లగ్ నేరుగా లోహానికే ఆనాలి, పళ్ళ వాషరు నట్టు కింద ఉండాలి. బిగించాక మాత్రమే పైన గ్రీజుగానీ రంగుగానీ పూయాలి. ముందే పూస్తే మళ్ళీ మొదటికి వచ్చినట్టే. కేబుల్ లగ్ దగ్గర గట్టిపడి ఉంటే, లేదా తొడుగు కింద పచ్చటి పొడి కనిపిస్తే, దాన్ని శుభ్రం చేసే ప్రయత్నం మాని కొత్తది వేసుకోవాలి. పని పూర్తయ్యాక మళ్ళీ మీటరు పెట్టి అంకె దిగిందో లేదో చూడాలి.

ఇంజిను పట్టీ సరిచేశాక కూడా లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి జరుగుతుంటే, లేదా బ్రేకు తొక్కినప్పుడు వెనుక ఇండికేటరు మసకగా వెలుగుతుంటే, బాడీ పట్టీకీ దీపాల హోల్డర్ల ఎర్త్‌కూ ఇదే వైద్యం చేయాలి.

మిగతా కారణాలు

పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతిలో పోస్టు నుంచి సెల్ఫ్ మందపు టెర్మినల్ దాకా కొలిచి, 0.5 వోల్టు దాటితే ఆ వైపు జోడింపులు చూడాలి. తాళం తిప్పినా "టక్" చప్పుడే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్చిని, సొలెనాయిడ్‌కు వెళ్ళే సన్నని వైరును చూడాలి. సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజిను కదలకపోతే బెండిక్స్ (సెల్ఫ్ పళ్ళచక్రాన్ని ఇంజిను పళ్ళచక్రానికి తగిలించే భాగం) అంటుకుపోయి ఉంటుంది. సిలిండర్లో నీరు నిలిచి ఇంజిను బిగుసుకుపోవడం చాలా అరుదు. క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానరు పెట్టి చేత్తో తిప్పిచూస్తే అది వెంటనే తేలిపోతుంది. కొలతలన్నీ సరిగా వచ్చి, ఇంజిను చేతికి సులువుగా తిరుగుతూ, సెల్ఫ్ మాత్రం ఇంకా నీరసంగానే ఉంటే, అప్పుడు సెల్ఫ్ మోటారు బోల్టులు విప్పవచ్చు.