పాపాయి రాకముందే కొని ఉంచాల్సినవి

36వ వారానికల్లా ఆస్పత్రి బ్యాగు సర్దేసి తలుపు దగ్గర పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

బట్టలు: ముందువైపు ముడి వేసే మెత్తటి నూలు చొక్కాలు ఆరేడు చాలు. తల మీంచి తొడిగేవి వద్దు. మెడ నిలవని బిడ్డకు వేయాలంటే మన చేతులే వణుకుతాయి. మరీ చిన్న సైజువి ఎక్కువ కొనకండి, చూస్తుండగానే బిగుతైపోతాయి. కొత్తవాటిని ఒకసారి ఉతికి, లోపలి లేబుళ్లు కత్తిరించండి. మా వాడు రాత్రంతా ఎందుకు ఏడ్చాడో, తెల్లారి మెడ వెనక ఎర్రటి గీత చూశాకే అర్థమైంది.

డైపర్లు: రోజుకు ఎనిమిది నుంచి పది దాకా అవుతాయి. అయినా ఒక్క చిన్న ప్యాకెట్‌తో మొదలుపెట్టండి. ఒంటికి పడకపోతే మార్చుకోవచ్చు.

పడక: గట్టి, చదునైన పరుపు, దానికి బిగుతుగా పట్టే కవరు. అంతే. దిండు, బొమ్మలు, చుట్టూ మెత్తటి అంచులు వద్దు, ఊపిరికి అడ్డం పడతాయి. అందంగా ఉందని కొనే బేబీ సెట్టులో సగం ఇవే! పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే.

డిజిటల్ థర్మామీటర్ తప్పనిసరి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించి ఉంటే సొంతంగా మందు వేయకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గోళ్లకు చిన్న కత్తెర. పౌడర్ అక్కర్లేదు. కారుంటే వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటు ముందే బిగించి చూసుకోండి.

అందరూ మర్చిపోయేది తల్లిని. పెద్ద ప్యాడ్లు, పాలివ్వడానికి వీలైన నైటీలు, పక్కనే పెట్టుకునే నీళ్ల సీసా కూడా జాబితాలో రాయండి.