పాత ఇంగ్లిష్ చర్చిల్లో రాతి మీద దాగిన గీతలను టార్చితో చూడటం ఎలా?

ఇంగ్లండ్ మధ్యయుగపు చర్చిల స్తంభాల మీద ఆనాటి జనం గీసిన పడవలు, పేర్లు, ప్రార్థనలు, కంపాసుతో గీసిన ఆరు రేకుల పూలు ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే ఉత్త రాయే కనిపిస్తుంది.

ముందు చర్చి బాగోగులు చూసే వార్డెన్‌ని అడిగి అనుమతి తీసుకోండి. సన్నటి వెలుగు పడే చిన్న ఎల్‌ఈడీ టార్చి, ఫోను, స్కేలు చాలు. తలకు కట్టుకునే లైటు పనికిరాదు. మబ్బు పట్టిన రోజే వెళ్లాలి.

మెత్తటి సున్నపురాతి స్తంభాలు, దక్షిణ ద్వారం, బాప్తిస్మపు తొట్టి, గంట గోపురం కింది కమాను ముందుగా చూడండి. విక్టోరియా కాలపు మరమ్మతుల్లో పాత గార గీకేసిన గోడల దగ్గర ఎక్కువ సేపు ఆగొద్దు. అక్కడ గారతో పాటే గీతలూ పోయాయి.

అందరూ పాడుచేసేది టార్చి పట్టుకోవడంలోనే. టార్చిని గోడకు ఎదురుగా కాదు, గోడ వెంబడి పట్టాలి. దాని పక్క భాగం రాతికి వేలెడు దూరంలో ఉండాలి, తగలకూడదు. గీత లోతు చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు. ఎదురు వెలుతురు ఆ లోతును నింపేస్తుంది. పక్క నుంచి పడితే ఒక అంచు మెరిసి, రెండో అంచు నీడ పట్టి గీత పైకి తేలుతుంది.

ఒక వైపు నుంచి చూసి ఏమీ లేదనుకోవద్దు. వెలుగు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉన్న గీతకు నీడ పడదు. అందుకే ఆరు రేకుల పువ్వులో ఒక్కోసారి మూడు నాలుగు రేకులే కనిపిస్తాయి. చూసే చోటు చుట్టూ గడియారం ముల్లులా టార్చిని నిదానంగా తిప్పండి. గుండ్రటి స్తంభానికి పక్క నుంచి వేస్తే వంపు అడ్డొస్తుంది. పైనుంచి కిందికి వేస్తూ, అడుగు వెడల్పున ఒక్కో పట్టీ చూసుకుంటూ రావాలి.

సుద్దముక్క రుద్దడం, కాగితం పెట్టి అచ్చు తీయడం, తడిగుడ్డతో తుడవడం అస్సలు వద్దు. మెత్తటి రాయి ఆ రాపిడికే రాలిపోతుంది. వెలుగు ఏదీ రాల్చదు, అందుకే ఈ పద్ధతే సరైనది.

పెచ్చులూడిన సున్నం వెనక ఎర్ర రంగు కనిపిస్తే గోరు కూడా పెట్టకండి. ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 6 పాలనలో, 1547 నుంచి, చర్చిల గోడ చిత్రాల మీద వెల్ల వేశారు. వాటిలో చాలావరకు ఆరిన గార మీద వేసినవే కాబట్టి, వెల్లతో పాటే రంగూ ఊడొస్తుంది. కోవెంట్రీ నగరంలోని హోలీ ట్రినిటీ చర్చిలో, లోకాంతాన దేవుడిచ్చే తుది తీర్పును చూపే గోడ చిత్రం 1831లో బయటపడింది. దాని మీద పూసిన వార్నిష్ నల్లబడి బొమ్మ మళ్లీ మరుగైంది. శుభ్రం చేసి తిరిగి చూపించేసరికి 2004 అయింది.

కన్ను అలవాటు కావాలంటే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్ చర్చికి వెళ్లండి. గోపురం లోపల 1350 నాటి ప్లేగు గురించి లాటిన్‌లో చెక్కిన రాత ఉంది. 1666లో తగలబడ్డ లండన్ పాత సెయింట్ పాల్స్ కేథడ్రల్ బొమ్మగా చెప్పే గీతలూ అక్కడే ఉన్నాయి.

ఫొటోకు ఫ్లాష్ ఆపండి. ఫోను గోడకు సూటిగా ఎదురుగా, వాలకుండా, కదలకుండా ఉండాలి, టార్చి రెండో మనిషి చేతిలో ఉండాలి. స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపుల వెలుగుతో నాలుగు ఫొటోలు తీయండి. ఏ స్తంభం, ఏ ముఖం, నేల నుంచి ఎంత ఎత్తు అన్నది రాసి, ఒక కాపీ వార్డెన్‌కి ఇచ్చి రండి.