కడుపుతో ఉన్నప్పుడూ పురుడయ్యాకా తిండినీ మనసునూ ఎలా చూసుకోవాలి?

ఏడో నెలలో నాకు హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. కనీసం 11 ఉండాలి. ఒక్క మాత్ర మానలేదు, ఆకుకూరలూ తింటూనే ఉన్నాను. తీరా చూస్తే తప్పంతా టీ దగ్గర. ఇడ్లీ తినగానే ఐరన్ మాత్ర, దాని వెనకే గ్లాసుడు టీ. టీ, కాఫీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. "మాత్ర ఏ టైముకి వేసుకుంటున్నావమ్మా?" అని మా వీధికి వచ్చే ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. అందుకే మొదలు అక్కడి నుంచే.

1. మాత్రల వేళలు సరిచేసుకోండి

ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. చాలామంది ఈ రెండో సగం మర్చిపోతారు. కాల్షియం 500 మిల్లీగ్రాములది రోజుకి రెండు. ఈ రెండు రకాలూ కలిపి మింగితే ఐరన్ సరిగా పట్టదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

నేను పెట్టుకున్న లెక్క ఇది: టిఫిన్‌తో ఒక కాల్షియం, మధ్యాహ్నం అన్నంతో ఇంకొకటి, రాత్రి తిన్న రెండు గంటలకి నిమ్మకాయ నీళ్ళతో ఐరన్. వేసుకోగానే గోడ క్యాలెండర్ మీద టిక్. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, ఐరన్ వేసుకుంటే అలాగే ఉంటుంది. డోసు మాత్రం మీ డాక్టర్ రాసిందే వాడండి.

2. ఇద్దరికి సరిపడా కాదు, కొంచెం ఎక్కువ చాలు

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజూ అదనంగా కావాల్సింది 350 కేలరీలు. అంటే గ్లాసు పాలు, ఉడికించిన గుడ్డు, చిన్న పల్లీ చిక్కీ ముక్క. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ అదనంగా 600. అసలు ఎక్కువ తినాల్సిన రోజుల్లోనే మనం పథ్యం పెడతాం, చూశారా!

అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి, మొహమాటం వద్దు. రైతుబజారుకి వెళ్తే తోటకూర, మునగాకు తెచ్చుకోండి. చోడి (రాగి) అంబలిని చిన్నచూపు చూడొద్దు. వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది.

3. సొర చేప పుట్టు దగ్గర ఆగండి

మన విశాఖ వైపు బాలింతకి పాలు పడాలంటే సొర పుట్టే. సొరను ఉడకబెట్టి, తోలు తీసి, చేత్తో పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లి దట్టించి వేయించే ఆ వాసనకి ఇల్లంతా ఆకలేస్తుంది. కానీ సొర పెద్ద చేప. చిన్న చేపల్ని తిని బతుకుతుంది కాబట్టి పాదరసం దాని ఒంట్లో పోగుపడుతుంది. కడుపులో బిడ్డకీ పాలు తాగే బిడ్డకీ అది మంచిది కాదు. కొమ్ముకోనాం చేపదీ అదే కథ.

బదులుగా కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు వారానికి రెండుసార్లు బాగా ఉడికించి తినండి. మా అత్తగారు మొదట ముఖం మాడ్చుకున్నా, చివరికి అదే వెల్లుల్లితో కానాగంతల పుట్టు చేసిపెట్టారు, ఓపిగ్గా ముళ్ళు ఏరి. పాల సంగతంటారా, బిడ్డ ఎన్నిసార్లు తాగితే అంత పడతాయి.

4. పథ్యంలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

వేడన్నంలో కందిపొడి, నెయ్యి, వెల్లుల్లి కారం: వీటితో నాకు పేచీ లేదు. నీళ్ళు తగ్గించడం, కూరలు, పప్పు మాన్పించడంతోనే పేచీ. మే నెల విశాఖ ఉక్కపోతలో కిటికీలు మూసి, చెవుల్లో దూది పెట్టి, రోజుకి నాలుగు గ్లాసుల నీళ్ళంటే మనిషి ఏమైపోవాలి? బిడ్డకి పాలు పట్టిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగండి.

5. మనసును పట్టించుకోండి

కాన్పయిన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపొస్తుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, దానికి తోడు నిద్ర ఉండదు. చాలామందికి రెండు వారాల్లో అదే తగ్గుతుంది. నాకు ఐదో రోజు ఫోన్ల మీద ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న, బిడ్డ పాలు తాగిందా అని. మా పెద్దమ్మ ఒక్కతే "ఏటమ్మా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అంది. జవాబు చెప్పలేక ఫోన్ అమ్మకిచ్చేశాను.

నాలుగైదు గంటలు ఒకే బిగిన పడుకునే ఏర్పాటు చేయడం ఇంట్లోవాళ్ళ పని. మా ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో రాత్రికి ఇంటికొచ్చే బీ షిఫ్ట్ ఉన్న వారం, రాత్రి పదకొండు దాటాక బిడ్డ ఆయన దగ్గరే. పాలకి మాత్రం నా దగ్గరికి, త్రేన్పు తీయడం, బట్ట మార్చడం ఆయన వంతు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, "నేను మంచి తల్లిని కాను" అనే మాటే తిరుగుతుంటే అది ఒట్టి టెన్షన్ కాదు, డిప్రెషన్ కావచ్చు. కాన్పుకి ముందు కూడా రావచ్చు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరెత్తగానే "అక్కడికా!" అనేవాళ్ళుంటారు, అననీండి. పాలిస్తూ వాడగలిగే మందులూ ఉన్నాయి, పాలిస్తున్నట్టు డాక్టర్‌కి చెప్పండి.

చనిపోవాలనో బిడ్డను ఏదో చేయాలనో ఆలోచన వచ్చినా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిరగొద్దు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలొద్దు.

6. ఆరో వారం చెకప్‌కి చీటీ రాసుకెళ్ళండి

కుట్లు, బరువు, బిడ్డ టీకాలు వాళ్ళే అడుగుతారు. మిగతాది మీరే చెప్పాలి. నోరు తెరిచేలోపు ఓపీ అయిపోతుందని నేను ముందే చీటీ మీద రాసుకెళ్ళాను: నిద్ర, ఏడుపు, ఆకలి. డాక్టరమ్మ అది చదివి, పెన్ను పక్కన పెట్టి, కుర్చీ నా వైపు జరుపుకున్నారు.