ఎత్తులో పనిచేసేవాళ్లు పడకుండా ఏ రక్షణ ఏర్పాటు ఎంచుకోవాలి?

అపార్ట్‌మెంట్‌కు రంగులు వేయించాలన్నా, షెడ్డు రేకులు మార్పించాలన్నా, మేడ మీద సోలార్ పెట్టించాలన్నా మనం మేస్త్రిని అడిగేది ఒకటే: "బెల్టులు ఉన్నాయా?" ఉన్నాయంటే ఇక నిశ్చింత. ఆ బెల్టును దేనికి తగిలిస్తారు, పడితే కింద ఎంత జాగా ఉంది, తాడుకు వేలాడే మనిషిని ఎవరు దించుతారు అని అడిగేవాళ్లు తక్కువ. అసలు బెల్టు కొనడం ఈ పనిలో చివరికి వచ్చేది. మీరు ఇంటి యజమాని అయినా, చిన్న కాంట్రాక్టరైనా, అసోసియేషన్ సెక్రటరీ అయినా ఈ కింది వరసలో వెళ్లండి.

ముందు ఎక్కకుండా పని అవుతుందేమో చూడండి

బ్రిటన్‌లో 2005లో వచ్చిన ఎత్తు పనుల నిబంధనల్లో ఒక వరస ఉంది. ఎక్కే పని తప్పించగలిగితే తప్పించాలి. తప్పదంటే మనిషి పడకుండా ఏర్పాటు చేయాలి. అదీ కుదరకపోతే పడే దూరాన్నీ, తగిలే దెబ్బనూ తగ్గించాలి. ఈ వరస మన ఊళ్లోనూ అంతే పనికొస్తుంది. సోలార్ ఫ్రేముల కటింగ్, డ్రిల్లింగ్, వెల్డింగ్ నేల మీదే ముగించి, పైన బోల్టులు బిగించే పని మాత్రం మిగిల్చుకోవచ్చు. పొడవాటి రాడ్డు ఉన్న రోలర్‌తో ఒక అంతస్తు గోడకు కింద నిలబడే రంగు వేయవచ్చు. పైన గడిపే గంటలు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

టేపు పట్టుకుని పనిచోటు చూడండి

ఫోన్‌లో ఫొటో చూసి నిర్ణయించే పని కాదిది. పైకి వెళ్లి అంచులు ఎక్కడున్నాయో, కాలి కింద ఏముందో, పడితే ఎక్కడ పడతారో చూసి రాసుకోండి. పిట్టగోడ నడుము కన్నా కింద ఉంటే అది లేనట్టే లెక్కేయండి. లిఫ్టు గుంత, డక్టు, మెట్ల కోసం వదిలిన ఖాళీ, ఇవన్నీ అంచులే. వీటి మీద ఒట్టి ప్లైవుడ్ ముక్క పడేస్తే మూతా కాదు, నేలా కాదు. ఆ మూత పక్కకు కదలకుండా బిగించాలి, 'కింద గుంత ఉంది' అని పెద్ద అక్షరాలతో రాయాలి.

మేడ మీద సోలార్ పనిలో ఒక మోసం ఉంది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఈ పని చేయించుకునే ఇళ్లు పెరిగాయి. మనవాళ్లు ప్యానెళ్ల కింద బట్టలు ఆరేసుకోవడానికి, కూర్చోవడానికి జాగా ఉండాలని స్టాండును ఎనిమిది, పది అడుగుల ఎత్తున వేయించుకుంటారు. ఆ స్టాండు మీద కూర్చుని బోల్టు బిగించే కుర్రాడికి మూడడుగుల పిట్టగోడ కాళ్ల కిందెక్కడో ఉంటుంది. జారితే మేడ మీద పడడు, పిట్టగోడ దాటి వీధిలో పడతాడు. కాబట్టి ఎత్తును మేడ నుంచి కొలవకండి, నేల నుంచి కొలవండి.

సిమెంటు రేకుల సంగతి వేరు. అక్కడ ఎటు చూసినా అంచే, ఎందుకంటే రేకే విరుగుతుంది. "బోల్టుల వరస మీద నడిస్తే ఏం కాదన్నా, కింద పర్లిన్ ఉంటది" అనే మాట ప్రతి షెడ్డు దగ్గరా వినిపిస్తుంది. పర్లిన్, అంటే రేకులను మోసే అడ్డ కడ్డీ, ఉండే మాట నిజమే. కానీ చేతిలో రేకు పట్టుకుని, గాలి కొడుతుంటే, నాలుగు వేళ్ల వెడల్పున్న గీత మీద నడవగలరా? ఒక్క అడుగు పక్కకు పడితే చాలు. వెలుతురు కోసం మధ్యలో వేసిన ఫైబర్ రేకులు ఇంకా ప్రమాదం. నాలుగేళ్ల దుమ్ము పట్టాక, లేదా మొత్తం పైకప్పుకు ఒకే రంగు కొట్టాక అవి ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు. రేకుల పని వీలైనంత వరకు కింద నుంచి, చక్రాల స్కాఫోల్డింగ్ మీదో మనిషిని పైకెత్తే యంత్రం మీదో నిలబడి చేయించండి. పైకి ఎక్కక తప్పకపోతే రెండు మూడు పర్లిన్ల మీద ఆనేలా కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు పలకలు వేసి, వాటి మీదే నడవాలి. కింద మనుషులు పడినా ఆపే వల కట్టాలి.

అందరినీ కాపాడే ఏర్పాటు ముందు, ఒక్కరిని కాపాడేది తర్వాత

అంచు పొడవునా రెయిలింగ్ ఉంటే హుక్కు తగిలించడం మరిచిపోయినవాడినీ, టీ తెచ్చిన అబ్బాయినీ కూడా కాపాడుతుంది. పై కడ్డీ మీటరు నుంచి 1.1 మీటర్ల ఎత్తున, మధ్యలో ఇంకో కడ్డీ, అడుగున పనిముట్లు జారిపోకుండా ఒక పలక. స్కాఫోల్డింగ్‌కూ ఇదే రూలు. మనుషులు నిలబడే ప్రతి వరసలో పలకలు సందు లేకుండా, కదలకుండా ఉండాలి. ఒకే చోట రెండు మూడు రోజులకు మించి పని ఉంటే, లేదా ఐదారుగురు పనిచేస్తుంటే బెల్టుల కంటే రెయిలింగ్ ఖర్చే నాకు సబబుగా కనిపిస్తుంది.

వల గురించి ఒక మాట. కట్టే అపార్ట్‌మెంట్ల చుట్టూ కప్పే ఆకుపచ్చ నెట్టు దుమ్ము, చిన్న పెళ్లలు ఆపడానికి. అది మనిషిని ఆపదు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునే కూలీలూ ఉన్నారు, ఇంజినీర్లూ ఉన్నారు. మనిషిని ఆపే వల గట్టి తాడుతో అల్లి ఉంటుంది, దానికి ఐఎస్ 11057 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాన్ని పనిచోటుకు ఎంత దగ్గరగా కడితే అంత మంచిది. అమెరికా నిబంధనలు 30 అడుగులకు, అంటే సుమారు 9 మీటర్లకు మించి కిందికి కట్టనివ్వవు.

అంచుదాకా పోనివ్వని తాడు

రెయిలింగ్ కుదరని మేడ మీద రెండో మంచి దారి ఇది. హుక్కు తగిలించిన చోటు అంచు నుంచి 3 మీటర్లు లోపలికి ఉంది, తాడు మొత్తం 2 మీటర్లే అనుకోండి. మనిషి అంచుకు చేరనే చేరడు, కాబట్టి పడే ప్రశ్నే రాదు. మూలల దగ్గర మాత్రం జాగ్రత్త. ఎదుటి అంచుకు అందని తాడు పక్క అంచుకు అందవచ్చు. తాడు చివర పట్టుకుని నాలుగు వైపులా ఒకసారి నడిచి చూస్తే తేలిపోతుంది.

స్తంభాన్ని చుట్టి నడుముకు బిగించుకునే పట్టీ ఇంకో రకం. రెండు చేతులూ పనికి వదిలేయడానికి ఒంటిని ఒక చోట నిలిపి ఉంచడమే దాని పని. తాటి చెట్టు ఎక్కే గీత కార్మికుల మోకు చేసేది చాలావరకు ఇదే. అయితే పట్టు తప్పినప్పుడు ఆపేందుకు వేరే ఏర్పాటు తోడు కావాలి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా అందుకే.

పడ్డాక ఆపే బెల్టు అయితే, కింద జాగా లెక్కేయండి

పై దారులేవీ కుదరనప్పుడే దీని వంతు. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం.

మామూలుగా దొరికే తాడు 2 మీటర్లు. దానికి కుదుపు తగ్గించే మడతల పట్టీ, అంటే షాక్ అబ్జార్బర్ ఉంటుంది. పడ్డప్పుడు దాని కుట్లు విడిపోతూ అది సాగుతుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా ఇంకో మీటరున్నర. కాళ్లు నేలకు తగలకుండా మిగులు ఒక మీటరు. అన్నీ కలిపితే 6.25 మీటర్లు. అంటే హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి ఇరవై అడుగులకు పైగా ఖాళీ కావాలి.

ఇప్పుడు మొదటి అంతస్తు స్లాబు మీద నిలబడి, కాళ్ల దగ్గర పైకి వచ్చిన రాడ్డుకు హుక్కు తగిలించిన పెయింటర్‌ను ఊహించండి. నేల పదడుగుల దూరంలో ఉంది. అబ్జార్బర్ పూర్తిగా తెరుచుకునేలోపే అతను నేలను తాకుతాడు. బెల్టు ఉంది, హుక్కు ఉంది, ఉపయోగం లేదు. అదే హుక్కు తల మీద బీమ్‌కు తగిలిస్తే పడే దూరం బాగా తగ్గుతుంది, అబ్జార్బర్ కూడా కొంచెమే తెరుచుకుంటుంది. అందుకే హుక్కు ఎప్పుడూ తలకు పైన, కుదరకపోతే కనీసం భుజం ఎత్తున ఉండాలి. మీరు కొనే సరుకు లేబుల్ మీద కింద ఎంత ఖాళీ కావాలో రాసి ఉంటుంది. నా అంకెల కన్నా దాన్నే నమ్మండి.

అబ్జార్బర్ లేని ఒట్టి తాడుతో సరిపెట్టుకోవచ్చా అంటే, కూడదు. 80 కిలోల మనిషి 2 మీటర్లు పడి 10 సెంటీమీటర్లలో ఆగిపోతే ఒంటి మీద పడే లాగుడు సగటున అతని బరువుకు 21 రెట్లు, దాదాపు 1,700 కిలోలు. అబ్జార్బర్ దాన్ని సుమారు 600 కిలోలకు మించనివ్వదు. తాడుకు ముడి వేసి పొట్టి చేయడం కూడా తప్పే, ముడి దగ్గర తాడు బలం బాగా పడిపోతుంది.

కింద జాగా తక్కువుంటే రిట్రాక్టబుల్ తీసుకోండి. డబ్బాలోంచి పట్టీ వస్తూ పోతూ ఉంటుంది, ఉన్నట్టుండి లాగితే కారు సీటు బెల్టులా పట్టేస్తుంది. ఖరీదు ఎక్కువే. దాన్ని తలపైనే తగిలించాలి. కాళ్ల దగ్గర, స్లాబు అంచు మీదుగా వాడాలంటే అలా వాడవచ్చని లేబుల్ మీద రాసి ఉండాలి.

స్కాఫోల్డింగ్ మీద, టవర్ మీద కదులుతూ పనిచేసేవాళ్లకు రెండు హుక్కుల తాడు కావాలి. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి. గల్ఫ్ సైట్లలో చేసివచ్చిన మనవాళ్లను అడగండి, 'హండ్రెడ్ పర్సెంట్ టై ఆఫ్' అని అక్కడ రోజూ పొద్దున్నే ఎలా చెప్పేవారో చెబుతారు. తాడుకు వేలాడే పీట మీద కూర్చుని గోడకు రంగు వేసేవాళ్లకైతే పీట తాడు వేరు, ప్రాణం తాడు వేరు. రెండింటినీ వేర్వేరు చోట్ల కట్టాలి. ప్రాణం తాడు మీద జారే గ్రిప్పు ఆ తాడు మందానికి సరిపడేదై ఉండాలి, దాని మీది బాణం గుర్తు పైకి చూడాలి. పిట్టగోడ అంచున తాడు ఒరుసుకునే చోట మందపాటి రబ్బరు పెట్టాలి.

హుక్కు దేనికి తగిలిస్తారు?

అమెరికా నిబంధన ప్రకారం, ఇంజినీరు ప్రత్యేకంగా లెక్కగట్టి ఇస్తే తప్ప, ఈ చోటు ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు ఆపగలగాలి. ఈ అంకె గుర్తుంటే కిటికీ గ్రిల్లు, నీళ్ల పైపు, డిష్ స్టాండు, ప్లాస్టిక్ ట్యాంకు, పిట్టగోడ మీది స్టీలు రెయిలింగ్ వాటంతటవే జాబితాలోంచి పోతాయి. కాంక్రీటు కాలమ్, బీమ్ చుట్టూ స్లింగ్, అంటే హుక్కు తగిలించుకునే గట్టి పట్టీ, వేస్తే మంచిది. కొత్తగా కట్టే బిల్డింగు అయితే పైస్లాబులోనే హుక్కులు వేయించమని ఇంజినీరును అడగండి. తర్వాత రంగులకు, ఏసీలకు ప్రతిసారీ అవే పనికొస్తాయి.

హుక్కు పనిచోటుకు సరిగ్గా పైన ఉండాలి. పక్కకు జరిగితే పడ్డ మనిషి ఊగుతూ వెళ్లి గోడకో కాలమ్‌కో కొట్టుకుంటాడు.

ఇక బెల్టు కొనండి

నడుముకు మాత్రమే కట్టే బెల్టు పడేవాడిని ఆపడానికి కాదు. బరువంతా పొట్ట మీద పడి లోపలి అవయవాలు దెబ్బతింటాయి, మనిషి తలకిందులై జారిపోవచ్చు కూడా. అమెరికాలో 1998 జనవరి 1 నుంచి ఈ పనికి దాన్ని నిషేధించారు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నింటినీ పట్టే ఫుల్ బాడీ హార్నెస్ తీసుకోండి. దాని మీద ఐఎస్ఐ గుర్తుతో ఐఎస్ 3521, లేదా ఐరోపా సరుకైతే ఈఎన్ 361 ఉందా, తయారైన నెల, సంవత్సరం, ఎంత బరువుకు పనికొస్తుందో రాసుందా చూడండి. బరువంటే మనిషిదొక్కటే కాదు, నడుముకున్న పనిముట్లతో కలిపి.

వేసుకున్నాక రింగు వీపు పైన రెండు రెక్కల మధ్య ఉండాలి. ఛాతీ పట్టీ ఛాతీ మధ్యలో, మెడ దగ్గరికి ఎక్కకుండా ఉండాలి. తొడ పట్టీలో చాచిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఉక్కపోస్తుందని తొడ పట్టీలు వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. అలా వదిలేస్తే పడ్డప్పుడు హార్నెస్ ఒంటి మీదనుంచి పైకి జారిపోతుంది.

దించేది ఎవరో ఎక్కకముందే తేల్చుకోండి

తాడు ఆపింది, మనిషి బతికాడు. కదలకుండా వేలాడుతుంటే రక్తం కాళ్లలోకి దిగిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 108 వచ్చేదాకా, 101కు ఫోన్ చేసి పిలిచిన ఫైర్ ఇంజన్ కదిలేదాకా ఆగే వ్యవహారం కాదిది. నిచ్చెన అందుతుందా, పక్క కిటికీలోంచి లాగవచ్చా, దించడానికి కప్పీ తాడు సిద్ధంగా ఉందా, ఆ పని తెలిసినవాళ్లు ఆ రోజు సైటులో ఉన్నారా? ఒక్కడినే పైకి పంపకండి. హార్నెస్‌కు కాళ్లు పెట్టి నిలబడే పట్టీలు తగిలిస్తే దించేదాకా కొంత ఊరట. దించాక మామూలుగా కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

రోజూ ఎక్కే ముందు పట్టీలను వేళ్ల మధ్య మడిచి చూడండి. తెగిన దారాలు, వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు, థిన్నర్ తగిలి గట్టిపడ్డ చోట్లు కనిపిస్తే దాన్ని పక్కన పడేయండి. ఒక్కసారి ఎవరినైనా ఆపిన హార్నెస్, తాడు, అబ్జార్బర్ పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు. గోడౌన్లో దాచకండి, ఇంకో సైటువాళ్లు పట్టుకుపోతారు. అక్కడికక్కడే పట్టీలన్నీ కత్తిరించేయండి.