విజ్ఞాన సర్వస్వంలో మానవ హక్కుల అంశాల ప్రాధాన్యం ఎలా తేల్చాలి?

అంశాల జాబితా, నాలుగు గడుల పట్టిక ఉంటే చాలు. అత్యంత ముఖ్యం, ముఖ్యం, మధ్యస్థం, తక్కువ. ఐదో గడి వద్దు. ఉంటే తేల్చలేనివన్నీ అందులోకే పోతాయి.

తేలికవి ముందు సర్దేయండి. 1948 డిసెంబరు 10 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన, 1966 నాటి రెండు ఒడంబడికలు (పౌర, రాజకీయ హక్కుల మీద ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల మీద ఒకటి), బానిసత్వం, చిత్రహింస, జాతి నిర్మూలన 'అత్యంత ముఖ్యం' గడిలోకి వెళ్తాయి. సంస్థ గానీ వ్యక్తి గానీ తాము పోరాడిన హక్కు కంటే ఒక మెట్టు కిందే. దీనికి మినహాయింపు లేదు.

అసలు తంటా మధ్య రెండు గడులతోనే. చాలామంది ఇక్కడ ఒడంబడికలో ఎన్ని దేశాలు చేరాయో లెక్కపెడతారు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో అమెరికా తప్ప ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలన్నీ ఉన్నాయి. 1990లో వచ్చిన వలస కార్మికుల ఒడంబడిక అమల్లోకి రావడానికే 2003 దాకా పట్టింది. వలస కూలీలు వెళ్లే సంపన్న దేశాలు అందులో చేరలేదు. అది చూసి దాన్ని 'తక్కువ'లో పడేస్తారు. అయ్యా, ఆ దేశాలు చేరకపోవడమే కదా అక్కడ అసలు సంగతి!

నేను చేసేది వేరు. ఆ వ్యాసం లేదనుకుని, ఇంకేవి అర్థం కాకుండా పోతాయో చూస్తాను. ప్రాణహాని ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదన్న సూత్రం 1951 శరణార్థుల ఒడంబడిక 33వ అధికరణంలో ఉంది. దాని పేరు పెట్టి వెతికేవాళ్లు తక్కువే. కానీ అది తీసేస్తే ఆశ్రయం, దేశ బహిష్కరణ, సరిహద్దుల గురించిన వ్యాసాలన్నీ కుంటుతాయి. కాబట్టి అది 'ముఖ్యం'. నిరుడు పత్రికల్లో మోగిపోయిన కేసు తీసేస్తే చాలాసార్లు ఏదీ కదలదు.

ఇక్కడే జాగ్రత్త. ఇప్పటికే రాసి ఉన్న వ్యాసాలనే లెక్కలోకి తీసుకుంటే మోసపోతారు. ఏ దేశ పౌరసత్వమూ లేనివాళ్ల గురించి 1954లో ఒకటి, 1961లో ఒకటి ఒడంబడికలు వచ్చాయి. అయినా ఆ అంశం మీద ఆధారపడే వ్యాసాలు కొన్నే కనిపిస్తాయి, ఎందుకంటే ఎవరూ రాయలేదు. ఉండాల్సిన వ్యాసాలను కూడా కలిపి లెక్కపెట్టండి. మొదటిసారి నేనూ ఇందులో బోల్తా పడ్డాను.

మార్కులు వేసి కూడే పద్ధతి జోలికి పోకండి. 73కూ 71కూ తేడా ఏమిటో మార్కులు వేసినవాళ్లే చెప్పలేరు.

పట్టిక పైన ఒక మాట రాసి పెట్టండి: 'తక్కువ' అంటే ఆ బాధితుల బాధ తక్కువని కాదు, వ్యాసాల వరసలో దాని స్థానం అది. ఈ మాట రాయకపోతే సగం టైం తగువులకే పోతుంది. ఆ తర్వాత ఒక్కో అంశం పక్కన ఒక్క వాక్యంలో కారణం రాయండి. కారణం తోచనిది వారం పక్కన పెట్టి, మీ పట్టిక చూడని ఇంకొకరి చేతికివ్వండి.