కంప్యూటర్ కిటుకులు – 4వ పాఠం: కాపీ చేసినవన్నీ దాచే అర

గత పాఠంలో ఆల్ట్, ట్యాబ్ మీటలతో ఒక కిటికీలోంచి మరో కిటికీలోకి వెళ్లడం సాధన చేశారు కదా. ఈసారి విండోస్‌లో నాకు అన్నింటికన్నా ఇష్టమైన కిటుకు చెబుతాను.

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్లమంతా ఉగాదికి కలుస్తాం. పేరు, ఫ్లాటు నంబరు, తెచ్చే వంటకం ఎవరికి తోచినట్టు వారు రాసి పంపుతారు. ఒక ఏడాది వాటిని పట్టికలోకి ఎక్కించే పని మా పక్కింటి పెద్దాయన తీసుకున్నారు. పేరు కాపీ చేసి, పట్టికలోకి వెళ్లి పేస్ట్ చేసి, మళ్లీ వెనక్కి వచ్చేవారు. ఒక్కో ఇంటికి మూడు ప్రయాణాలు! మధ్యలో ఇంకేదైనా కాపీ చేస్తే ముందుది పోయేది. చూడలేక, "బాబాయి గారూ, ఇలా చేసి చూడండి" అంటూ పక్కన కూర్చున్నాను.

విండోస్ గుర్తు ఉన్న మీటను నొక్కి పట్టుకుని 'వి' నొక్కండి. మొదటిసారి అయితే 'టర్న్ ఆన్' అని అడుగుతుంది, నొక్కండి. ఆ క్షణం నుంచి కాపీ చేసిన ప్రతి ముక్కా ఆ అరలో చేరుతుంది. కంట్రోల్‌తో 'సి' నొక్కడం మామూలే. పేస్ట్ చేసేటప్పుడు మాత్రం విండోస్, 'వి' నొక్కి, బాణం మీటలతో కావలసిన ముక్క దగ్గరికి వెళ్లి ఎంటర్ కొట్టాలి. చివర కాపీ చేసింది పైన ఉంటుంది.

2018 అక్టోబరులో విండోస్ 10కు వచ్చిన సదుపాయమిది. అర 25 ముక్కలే పట్టుకుంటుంది. ఆపై పాతవి జారిపోతాయి. అందుకే బాబాయి గారిని ఎనిమిదేసి ఇళ్ల వివరాలు, అంటే 24 ముక్కలు, ఒక విడతగా తీసుకోమన్నాను. బొమ్మలు కూడా చేరతాయి గానీ ఒక్కొక్కటి 4 ఎంబీ మించకూడదు. ఫోల్డర్లోంచి కాపీ చేసిన ఫైళ్లు మాత్రం ఇందులో కనిపించవు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే అర ఖాళీ అవుతుంది. పోకూడని ముక్క ఉంటే దాని పక్కనున్న పిన్ గుర్తు నొక్కండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: మీరు కాపీ చేసిన పాస్‌వర్డు కూడా అరలోనే కూర్చోవచ్చు. ఆఫీసులోనో, నలుగురూ వాడే కంప్యూటర్లోనో పని ముగించి లేచేముందు 'క్లియర్ ఆల్' నొక్కండి. పిన్ చేసినవి దానితో పోవు, వాటిని విడిగా తీసేయాలి.

ఈ వారం సాధన: మీ ఇంటి చిరునామా కాపీ చేసి పిన్ చేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, నోట్‌ప్యాడ్ తెరిచి, అరలోంచి దాన్ని పేస్ట్ చేయండి. అది వచ్చిందంటే 5వ పాఠానికి మీరు సిద్ధం. అందులో విండోస్, షిఫ్ట్, 'ఎస్' మీటలతో తెరమీద కావలసినంత మేరకే ఫోటో తీయడం నేర్చుకుందాం.