తెలుగు పేర్లు క్వశ్చన్ మార్కులైతే, ఫోన్ నంబర్లన్నీ ఒకటే అయితే: సమస్య - పరిష్కారం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాటా చిట్టీల ప్రోగ్రాం నేను చూసుకుంటాను. పీహెచ్‌పీ (కోడ్ రాసే భాష), మైఎస్‌క్యూఎల్ (డేటా దాచే డేటాబేస్) మీద నడుస్తుంది. యాసంగి వడ్లు రావడం మొదలయ్యాక గుమాస్తా ఫోన్ చేశాడంటే ఏదో ఒకటి ఆగినట్టే. ఏ ఫోన్ వచ్చినా ముందు కోడ్ ముట్టుకోను. టేబుల్ తెరిచి లోపల నిజంగా ఏముందో చూస్తాను. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

"అన్నా, పేర్లన్నీ క్వశ్చన్ మార్కులైనయి"

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. ఫారంలో రైతు పేరు తెలుగులో సరిగ్గానే కొడతారు, సేవ్ అయ్యాక వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఒక్కోసారి ప్రశ్నార్థకాల బదులు తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అవే. స్క్రీన్ చూసి ఏదీ తేల్చుకోవద్దు. ఆ కాలమ్‌ని హెక్స్ ఫంక్షన్‌లో పెట్టి సెలెక్ట్ కొట్టండి, నిల్వ అయిన అసలు బైట్లు కనిపిస్తాయి. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. మొదటిది ఇ0, రెండోది బి0 లేదా బి1. 'న' అంటే ఇ0 బి0 ఎ8.

అలాగే కనిపిస్తే డేటా క్షేమంగా ఉంది. కాలమ్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే) అయి ఉంటే, తప్పు కనెక్షన్‌లోనో పేజీ క్యారెక్టర్ సెట్‌లోనో ఉంటుంది. కనెక్ట్ అయిన వెంటనే సెట్ చార్‌సెట్ ఫంక్షన్‌కు యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి. పీడీఓ (పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే ఇంకో దారి) అయితే కనెక్షన్ స్ట్రింగ్‌లోనే రాయాలి. బైట్లు సరిగ్గా ఉండి కాలమ్ మీద లాటిన్1 (తెలుగు పట్టని పాత ఇంగ్లీషు, యూరప్ అక్షరాల పద్ధతి) అని ఉంటే మాత్రం నేరుగా మార్చకండి, ఉన్నది కూడా పాడవుతుంది. ముందు కాలమ్‌ని బ్లాబ్ (ఉత్త బైట్లుగా ఉంచే రకం) చేసి, ఆ తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్ చేయాలి.

సి3 ఎ0 అని మొదలైతే ఒకసారి మార్చినదాన్నే మళ్లీ మార్చారని అర్థం. టేబుల్ కాపీ తీసుకుని, ఆ కాపీ మీద లాటిన్1కి, అక్కడి నుంచి బైనరీకి, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్ చేసి చూడండి.

వరసగా 3ఎఫ్ కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవాలి. నిల్వ అయిందే ప్రశ్నార్థకం. ఏ సెట్టింగూ దాన్ని తిరిగి తేలేదు. బ్యాకప్ ఉంటే సరే, లేదంటే చిట్టీ పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ కొట్టాలి. మేమొకసారి పొద్దుపోయేదాకా కొట్టాం.

మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చింది 2018లో. అప్పటి నుంచి కొత్త డేటాబేస్‌లు వాటంతటవే యూటీఎఫ్8ఎంబీ4లో తయారవుతాయి. అయితే పాత సర్వర్ బ్యాకప్ ఎక్కిస్తే, టేబుళ్లతో పాటు పాత లాటిన్1 కూడా వచ్చి కూర్చుంటుంది. కొత్త సర్వరే కదా అనుకుని మేం మోసపోయింది అక్కడే.

ఊరి పేరు మధ్యలో తెగింది

చిట్టీలో 'నల్లగొండ' పట్టక 'నల్' అని, పక్కన ఒక విరిగిన గుర్తు వచ్చింది. కంటికి నాలుగు అక్షరాలే అయినా యూనికోడ్ లెక్కలో ఎనిమిది, బైట్లలో 24. ముక్క కోసే మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లు లెక్కపెట్టి పదికి కోస్తే, నాలుగో అక్షరంలో ఒక్క బైటే మిగులుతుంది. పేరు ముందు ఎంబీ ఉన్న ఫంక్షన్ వాడండి. ఒత్తుల దగ్గర అది కూడా అడ్డంగా కోస్తుంది, వీలైతే కోయకుండా డబ్బానే పెద్దది చేయడం మేలు.

రైతులందరి ఫోన్ నంబరూ 2147483647

ఎవరో హ్యాక్ చేశారని భయపడకండి. కాలమ్ ఇంటిజర్ రకం, దానిలో పట్టే పెద్ద సంఖ్య అదే. మన మొబైల్ నంబర్లు ఆరు నుంచి తొమ్మిది మధ్య అంకెతో మొదలవుతాయి కాబట్టి అన్నీ దాన్ని దాటుతాయి. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మైఎస్‌క్యూఎల్ నోరెత్తకుండా ఆ అంకెనే రాసేస్తుంది. ఉంటే ఎర్రర్ ఇస్తుంది, అదే నయం. ఫోన్ నంబరును కూడేది లేదు, తీసేసేది లేదు. దాన్ని వార్‌చార్‌గా (అక్షరాల రకంగా) పెట్టండి. పోయిన నంబర్లు మాత్రం రావు.

రాత్రి దిగిన లారీ నిన్నటి తేదీలో పడింది

మిల్లులో లారీలు రాత్రి రెండింటికి కూడా దిగుతాయి. పీహెచ్‌పీకి టైమ్‌జోన్ చెప్పకపోతే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తీసుకుంటుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అందుకే తెల్లవారుజాము ఐదున్నర లోపు చిట్టీలన్నీ నిన్నటి లెక్కలోకి పోతాయి. ఏషియా/కోల్‌కతా అని పెట్టండి. టైము మైఎస్‌క్యూఎల్ నౌ ఫంక్షన్‌తో రాస్తుంటే కనెక్షన్ టైమ్‌జోన్ కూడా ప్లస్ 5:30 చేయాలి, ఆ రెండిటి గడియారాలు వేరు.

తెల్ల పేజీ

పేజీ ఖాళీగా తెల్లగా వస్తే, ఎక్కడో ఎర్రర్ వచ్చింది, దాన్ని చూపించడం ఆఫ్‌లో ఉంది, అంతే. ఆన్ చేయకుండా లాగ్ ఫైల్ చివరి వరస చదవండి. మిల్లుకు ఇచ్చిన సైట్‌లో ఎర్రర్లు చూపిస్తే ఫైలు పేర్లు, దారులు అందరికీ తెలిసిపోతాయి.

సీజన్‌లో లిస్టు తెరుచుకోదు

మొదట్లో రెప్పపాటులో వచ్చే లిస్టు, చిట్టీలు పెరిగాక ఎంతకీ రాదు. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి నడపండి, మైఎస్‌క్యూఎల్ దాన్ని ఎలా వెతుకుతుందో చూపిస్తుంది. అందులో కీ అనే గడిలో నల్ (అంటే ఏమీ లేదని) ఉంటే టేబుల్ అంతా మొదటి నుంచి చదువుతున్నట్టే. తేదీ కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) లేకపోతే వేయండి. ఉన్నా పనిచేయకపోతే క్వెరీలో వేర్ అనే మాట తర్వాత ఏముందో చూడండి. కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో పెట్టి ఈరోజుతో పోల్చి ఉంటారు, అలా చుట్టేస్తే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఈరోజు సున్నా గంటల నుంచి, రేపటి సున్నా గంటల కన్నా తక్కువ అని రాయండి.